హెచ్చరిక పుత్రుడు: చిన్న ఆదరణ క్రియలు, విశ్వాసుల ఆత్మీయ ఆనందము

ఉపోద్ఘాతము

మన తెలుగు సంఘములలో ఎవరైనా ప్రభువునందు నిద్రించినప్పుడు, భూస్థాపన అయిన కొన్ని దినములకు ‘ఆదరణ కూడిక’ జరుపుతాము. షామియానా వేస్తారు, పాటలు పాడతారు, ముగ్గురు నలుగురు సేవకులు వాక్యము చెబుతారు, భోజనములు పెడతారు. సాయంత్రమునకు షామియానా విప్పుతారు. ఆ మరునాటి నుండి ఆ ఇంటిలో ఆదరణ ఎవరు చేయాలి అనే ప్రశ్నను మాత్రము సాధారణముగా ఎవరును అడగరు.

ఈ వ్యాసము వ్రాయుటకు నన్ను ప్రేరేపించినది నా సొంత లోపమే. సేవ ఆరంభించిన రెండవ సంవత్సరములో నేనొక గ్రామ సంఘములో ఉన్నాను. భర్తను కోల్పోయిన ఒక సహోదరి, ఆదరణ కూడిక ముగిసిన తరువాత ఆరాధనకు రావడము మానివేసింది. నాలుగు ఆదివారములు చూచి, అయిదవ ఆదివారము హెబ్రీయులకు 10:25 మీద ప్రసంగము చేశాను. సమాజముగా కూడుట మానినవారి గతి ఏమగునో గట్టిగానే చెప్పాను. ఆమె ఆ ప్రసంగము వినలేదు, కాని ఇరుగుపొరుగువారు విని ఆమెకు చేరవేశారు. మరి రెండు నెలలు ఆమె గుడి గడప తొక్కలేదు.

ఆ తరువాత ఒక ఆదివారము ఆమె వచ్చింది. ఆరాధన ముగిసిన పిమ్మట కారణము అడిగాను. “ఒక్కదాన్నే వచ్చి ఆడవాళ్ల వరుసలో కూర్చోలేకపోయాను అయ్యగారూ. ఈవేళ పెద్దమ్మ చెయ్యి పట్టుకొని వచ్చాను” అన్నది. పెద్దమ్మ అనగా మా సంఘములోని ఒక వృద్ధురాలు. ఆమెకు చదువు రాదు. కూలి నుండి తిరిగి వచ్చేటప్పుడు ప్రతి సాయంత్రము ఆ సహోదరి అరుగు మీద కాసేపు కూర్చుండి, కొంగున తెచ్చిన చింతచిగురో గోంగూరో ఇచ్చి, పొయ్యి వెలిగేదాకా ఉండి వెళ్లేదట. నేను రెండు నెలలలో ఒక్కసారియైనను అడగని సంగతిని ఆమె అడగకుండానే గ్రహించింది.

నేను ప్రకటించిన వాక్యములో దోషము లేదు. ఆ వాక్యములో ఉన్న ‘హెచ్చరించు’ అనే మాటకు నేను ఇచ్చుకొన్న అర్థములోనే దోషమున్నది. కనుక ఈ వ్యాసములో మొదట ఆ మాటను పరిశీలించి, తరువాత ఆదరణకు ఆనందమునకు గల సంబంధమును, బర్నబా జీవితములోని సాక్ష్యమును, కడపట మన సంఘములలో చేయదగిన పనులను చూద్దాము.

1. ఒక గ్రీకు మాట, అనేక తెలుగు మాటలు

క్రొత్త నిబంధనలో ‘పరకలేయో’ అనే క్రియ 109 సార్లు, దాని నామవాచకమైన ‘పరక్లేసిస్’ 29 సార్లు కనబడుచున్నవి. ‘పర’ అనగా ప్రక్కన, ‘కలేయో’ అనగా పిలుచుట. ఒకని ప్రక్కకు పిలుచుట, ప్రక్కన నిలిచి మాటలాడుట అనే భావము దీని మూలములో ఉన్నది. సందర్భమును బట్టి ఈ ఒక్క మాట వేడుకొనుట, ఓదార్చుట, ధైర్యపరచుట, ప్రోత్సహించుట, బోధించి ముందుకు నడుపుట అనే అర్థములను ఇస్తుంది.

మన తెలుగు బైబిలు అనువాదకులు సందర్భమును బట్టి వేరువేరు మాటలు వాడారు. రోమీయులకు 12:1లో పౌలు విశ్వాసులను ‘బతిమాలుకొనుట’ ఈ మాటే. మత్తయి 5:4లో దుఃఖపడువారు ‘ఓదార్చబడుట’ ఈ మాటే. 2 కొరింథీయులకు 1:3-7లో ‘ఆదరణ’, ‘ఆదరించు’ అనే మాటల వెనుక ఈ పదములే పది సార్లు ఉన్నవి. హెబ్రీయులకు 10:25లోను రోమీయులకు 12:8లోను ‘హెచ్చరించు’ అని చదువుతాము. యోసేపు అను లేవీయునికి అపొస్తలులు పెట్టిన ‘బర్నబా’ అనే పేరుకు లూకా ఇచ్చిన అర్థము ‘పరక్లేసిస్ కుమారుడు’. తెలుగులో అది ‘హెచ్చరిక పుత్రుడు’ అయినది (అపొ. కార్యములు 4:36).

పాత తెలుగులో హెచ్చరిక అనే మాటకు మెలకువ కలిగించుట అనే విస్తృతమైన అర్థమున్నది. రాజు వచ్చుచుండగా భటులు ‘హెచ్చరిక, పరాకు’ అని పలికినది బెదిరించుటకు కాదు, అందరును మెలకువగా ఉండుటకు. నేడు ఆ అర్థము బాగుగా తగ్గిపోయినది. విద్యుత్ స్తంభము మీద, సిగరెట్టు పెట్టె మీద, తుఫాను వార్తలలో మనకు హెచ్చరిక కనబడుచున్నది. కనుక సామాన్య విశ్వాసి ‘హెచ్చరిక పుత్రుడు’ అని చదివినప్పుడు, వ్రేలు చూపించి గద్దించే ఒక మనిషిని ఊహించుకొంటాడు. ప్రసంగీకుడు ‘ఒకనినొకడు హెచ్చరించు’ అనే మాటను గద్దించుటకు ఇచ్చిన అనుమతిగా తీసికొంటాడు. నేను తీసికొన్నది అలాగే.

ఇక్కడ రెండవ వైపు కూడ చెప్పవలెను. పరక్లేసిస్ అనగా కేవలము మెత్తని మాట కాదు. హెబ్రీ పత్రిక రచయిత తన పత్రిక అంతటిని ఈ మాటతోనే పిలిచాడు (13:22). ఆ పత్రికలో కఠినమైన మాటలు లేకపోలేదు. అయితే ఆ కఠినమైన మాటలు కూడ ప్రక్కన నడిచేవాడు తన తోటి ప్రయాణికునితో చెప్పేవి. దూరము నుండి తీర్పు చెప్పేవాని మాటలు కావు. ప్రక్కన నిలువకుండ చెప్పిన మాట ఎంత సత్యమైనను అది పరక్లేసిస్ కాజాలదు.

పౌలు ఈ వివేచనను చక్కగా చూపించాడు. 1 థెస్సలొనీకయులకు 5:14లో మూడు రకముల మనుష్యులకు మూడు వేరువేరు క్రియలు వాడాడు. క్రమము తప్పినవారికి బుద్ధి చెప్పవలెను, ధైర్యము చెడినవారిని ధైర్యపరచవలెను, బలహీనులకు ఊతమియ్యవలెను. ధైర్యము చెడినవానికి బుద్ధి చెప్పుట, బలహీనుని గద్దించుట వైద్యములో మందు మార్చి ఇచ్చినట్టు అవుతుంది. ఆ సహోదరి క్రమము తప్పినది కాదు, ధైర్యము చెడినది. నేను మొదటి మందు ఇచ్చాను, పెద్దమ్మ రెండవది ఇచ్చింది.

2. ఆదరణకు ఆనందమునకు గల సంబంధము

ఆత్మీయ ఆనందము ఆత్మ ఫలము. అది మనుష్యులు ఒకరికొకరు కలుగజేసికొనగలిగినది కాదు అని కొందరు అభ్యంతరము చెబుతారు. అది దేవుని దానమే. అయితే దేవుడు ఆ దానమును తరచుగా ఒక మనుష్యుని చేతి ద్వారా పంపుతాడని లేఖనము చూపించుచున్నది.

ధన్యతల ప్రకటనలో దుఃఖపడువారిని ధన్యులనుటకు ప్రభువు చెప్పిన కారణము వారు ఓదార్చబడుదురు అనునది. అక్కడ ధన్యత, పరక్లేసిస్ ఒకే వాక్యములో ఉన్నవి. దుఃఖము తొలగుట వలన కాదు, ఒకడు ప్రక్కకు వచ్చుట వలన వారు ధన్యులు. ఫిలేమోనుకు వ్రాసిన పత్రిక 7వ వచనములో పౌలు ఆనందమును ఆదరణను జంటగా చెప్పాడు. ఫిలేమోను వలన పరిశుద్ధుల హృదయములు సేద దీరినందుకు తనకు ఆ రెండును కలిగినవని వ్రాశాడు. యెరూషలేము నుండి వచ్చిన పత్రికను చదివినప్పుడు అంతియొకయ విశ్వాసులు దానివలని ఆదరణను బట్టి సంతోషించారు (అపొ. కార్యములు 15:31). ఆ పత్రికలో వారికి దొరికినది పెద్ద వరము కాదు. మీ మీద మోయలేని భారము పెట్టము అనే మాట మాత్రమే.

సంఘకాపరులు ముఖ్యముగా ఆలోచించవలసిన వచనము 2 కొరింథీయులకు 1:24. తాము కొరింథు విశ్వాసుల విశ్వాసము మీద ప్రభువులము కామనియు, వారి ఆనందమునకు జతపనివారమనియు పౌలు అక్కడ చెబుతాడు. సేవకుని పనికి ఇంతకంటె సూటియైన నిర్వచనము దొరకదు. మనము విశ్వాసుల హాజరుకు, దశమభాగమునకు, క్రమశిక్షణకు బాధ్యులమని అనుకొంటాము. వారి ఆనందమునకు జతపనివారమని ఎంతమందిమి అనుకొంటాము? సంవత్సరాంతమున సంఘ నివేదిక వ్రాసేటప్పుడు బాప్తిస్మముల సంఖ్య వ్రాస్తాము, కానుకల మొత్తము వ్రాస్తాము. ఈ సంవత్సరము ఎవరి ఆనందము తిరిగి లేచినది అనే గడి ఆ కాగితములో లేదు.

ఈ ఆనందము సుఖము కాదు. పౌలు ఆదరణను గూర్చి ఎక్కువగా వ్రాసిన అధ్యాయములోనే, ఆసియలో తనకు బ్రదుకు మీద ఆశ పోయినంత శ్రమ కలిగినదని కూడ వ్రాశాడు. పరిస్థితి మారినా మారకపోయినా, దేవుడు నన్ను విడువలేదు అనే నమ్మకములో హృదయము నిలుచుటయే ఆత్మీయ ఆనందము. విడువబడితిననుకొన్నవానికి ఆ నమ్మకము మొదట వాదము ద్వారా రాదు. విడువని ఒక మనుష్యుని ద్వారా వస్తుంది.

3. బర్నబా చేసిన పనులు

బర్నబా చేసిన ప్రసంగములలో ఒక్కటియైనను లూకా ప్రత్యేకముగా వ్రాసిపెట్టలేదు. స్తెఫను, పేతురు, పౌలు చేసిన ప్రసంగములు మనకు ఉన్నవి. బర్నబా విషయములో మనకు మిగిలినవి అతని చేతలు.

మొదటిది, యెరూషలేములో శిష్యులందరు సౌలును నమ్మక భయపడుచున్నప్పుడు బర్నబా అతనిని దగ్గర తీసి అపొస్తలుల యొద్దకు తీసికొనిపోయాడు (9:26-27). అతడు చేసినది రెండు పనులు. చెయ్యి పట్టుకొన్నాడు, అతని కథను అతనికి బదులుగా చెప్పాడు. అంతకుముందు దమస్కులో అననీయ చేసినది కూడ అటువంటిదే. తనను బంధించుటకు వచ్చినవాని మీద చేతులుంచి సహోదరుడని పిలిచాడు. క్రైస్తవ సంఘము నుండి సౌలు విన్న మొదటి మాట సహోదరుడు అనునది. అన్యజనుల అపొస్తలుని సేవ ఈ రెండు చిన్న క్రియల వెనుక నుండి వచ్చినది.

రెండవది, అంతియొకయలో గ్రీసు దేశస్థులు విశ్వసించిరని విని యెరూషలేము సంఘము బర్నబాను పంపినది (11:22). ఇది ఒక విధముగా తనిఖీ. తనిఖీకి వెళ్లినవాడు లోపములు వెదకుట సహజము. క్రొత్త సంఘములో అవి దొరకకపోవు. అయితే బర్నబా దేవుని కృపను చూచాడు, సంతోషించాడు, అందరిని ప్రోత్సహించాడు. గ్రీకులో కృప (‘ఖారిస్’), సంతోషించుట (‘ఖైరో’) ఒకే మూలమునకు చెందిన మాటలు. 23వ వచనములోని క్రమమును గమనించవలెను. మొదట చూపు, తరువాత సంతోషము, ఆ తరువాత పరక్లేసిస్. తాను సంతోషించనివాడు ఇతరులను ప్రోత్సహించలేడు. కృపను చూడనివాడు సంతోషించలేడు. కనుక ఆదరణ నోటితో కాదు, కంటితో ఆరంభమవుతుంది.

మూడవది, ఆ పని పెద్దదగుచుండగా బర్నబా సౌలును వెదకుటకు తార్సునకు వెళ్లాడు (11:25). సౌలు అప్పటికి కొన్ని సంవత్సరములుగా అందరి కంటికి దూరముగా ఉన్నాడు. వెదకుట అనే మాట మరియొక చోట కూడ గుర్తుకు వస్తుంది. రోమాలో పౌలు సంకెళ్లలో ఉన్నప్పుడు ఒనేసిఫోరు సిగ్గుపడక, శ్రద్ధగా వెదకి అతనిని కనుగొన్నాడు (2 తిమోతి 1:16-17). బర్నబా వెదకినప్పుడు పౌలుకు సేవ దొరికినది. ఒనేసిఫోరు వెదకినప్పుడు పౌలుకు సేద దొరికినది.

నాలుగవది మార్కు సంగతి. పంఫూలియలో పని విడిచి వెళ్లిపోయిన మార్కును తిరిగి వెంటబెట్టుకొనుటకు పౌలు ఒప్పుకొనలేదు. బర్నబా వదలుకొనలేదు. ఇద్దరి మధ్య తీవ్రమైన వాదము కలిగినది (15:39). ఆ వాదమునకు లూకా వాడిన ‘పరొక్సిస్మొస్’ అనే మాట క్రొత్త నిబంధనలో రెండు సార్లే వస్తుంది. రెండవసారి హెబ్రీయులకు 10:24లో, ప్రేమకును సత్కార్యములకును ఒకనినొకడు పురికొల్పవలెను అనే చోట. బర్నబా ఒక యౌవనస్థుని కొరకు పడిన ఆ గొడవ వృథా కాలేదు. సంవత్సరముల తరువాత, మార్కు తన సేవకు ప్రయోజనకరమైనవాడని, అతనిని వెంటబెట్టుకొని రమ్మని పౌలే వ్రాశాడు (2 తిమోతి 4:11).

4. బర్నబా లేచిపోయిన బల్ల

ఇంతటివాడు కూడ ఒకసారి తప్పిపోయాడు. గలతీయులకు 2:11-13లో ఆ సంగతి ఉన్నది. అంతియొకయలో యూదులు, అన్యజనులు కలిసి భోజనము చేయుచుండగా, యెరూషలేము నుండి కొందరు వచ్చారు. పేతురు వెనుకకు తీసి వేరుపడ్డాడు. మిగిలిన యూదులును అలాగే చేశారు. బర్నబా సహితము వారితో కలిసిపోయాడని పౌలు బాధతో వ్రాశాడు.

బర్నబా అక్కడ ఒక్క మాట కూడ అనలేదు. ఒక బల్ల దగ్గర నుండి లేచి మరియొక బల్ల దగ్గర కూర్చున్నాడు. అంతే. అయితే తమ మధ్య కృపను చూచి సంతోషించిన మనిషే లేచిపోవుట చూచిన అన్యజన విశ్వాసుల హృదయములు ఏమైయుండును? చిన్న క్రియకు కట్టే శక్తి ఎంత ఉన్నదో కూల్చే శక్తియు అంతే ఉన్నది. అందుకే పౌలు దానిని మర్యాదకు సంబంధించిన చిన్న సంగతిగా విడిచిపెట్టక, సువార్త సత్యమునకు సంబంధించినదిగా ఎంచాడు.

తెలుగు సంఘ చరిత్ర ఎరిగినవారికి ఈ బల్ల క్రొత్తది కాదు. కులమును బట్టి వేరుగా కూర్చుండబెట్టుట, వేరు గ్లాసులో నీళ్లిచ్చుట అనుభవించిన వారి పిల్లలే మన సంఘములలో అనేకులు. వారి ఇంట సంఘకాపరి మంచము మీద కూర్చుండి వారి గ్లాసుతో నీళ్లు త్రాగుట చిన్న పని. ఆ ఇంటిలో దానిని చిన్న పనిగా ఎవరును లెక్కపెట్టరు.

ఇక్కడ దోర్నకల్ అధ్యక్షుడైన వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారిని జ్ఞాపకము చేసికొనుట తగును. తమిళ దేశములో పుట్టి, తెలుగు ప్రజల మధ్య సేవకు వచ్చి, 1912లో ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకము పొంది, 1945లో మరణించువరకు దోర్నకల్ అధ్యక్ష మండలములో ఆయన సేవ చేశారు. అంతకుముందు 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగము ప్రసిద్ధమైనది. మిషనెరీల త్యాగములను ఆయన కొనియాడారు. వారు తమ ఆస్తిని, దేహములను ఇచ్చిన సంగతిని ఒప్పుకొన్నారు. అయినను భారతీయ సంఘము ఇంకను ఒకటి అడుగుచున్నదని, అది స్నేహమని చెప్పారు. ఆ మాట సభలో కొందరికి నొప్పి కలిగించినది. ఆస్పత్రి కట్టించుట కంటె ఒకే బల్ల దగ్గర కూర్చుండుట కొన్నిసార్లు కష్టమని ఆయన ఎరుగుదురు. నేడు మిషనెరీల స్థానములో మనమున్నాము. అదే ప్రశ్న ఇప్పుడు మనలను అడుగుచున్నది.

5. చిన్న క్రియ ఎట్లు పనిచేయును?

1 రాజులు 19వ అధ్యాయములో ఏలీయా బదరీవృక్షము క్రింద పండుకొని చావు కోరాడు. దేవుని దూత అతనికి సిద్ధాంతము చెప్పలేదు, గద్దించలేదు. తట్టి లేపి, కాల్చిన రొట్టెను, నీళ్లను చూపించాడు. అతడు తిని మరల పండుకొన్నాడు. దూత రెండవసారి వచ్చి తట్టాడు, ప్రయాణము నీ శక్తికి మించినదని ఒప్పుకొన్నాడు. దేవుడు మాటలాడినది ఆ తరువాత, హోరేబులో. రొట్టెకు ముందు హోరేబు లేదు. స్పర్శ, ఆహారము, నిద్ర, నీ భారము నాకు తెలియును అనే ఒప్పుదల అనే నాలుగును ఏ విశ్వాసియైనను ఇయ్యగలిగినవే.

రూతు కూడ పరదేశముగా వచ్చిన విధవరాలు. బోయజు ఆమెతో మాటలాడిన తరువాత, తన హృదయముతో మాటలాడితివని ఆమె చెప్పినట్టు హెబ్రీ మూలములో ఉన్నది (రూతు 2:13). యెషయా 40:2లో యెరూషలేముతో మాటలాడుమని దేవుడు ఆజ్ఞాపించునప్పుడు వాడిన నానుడియు అదే. పొలములో పరిగె ఏరుకొనుచున్న స్త్రీతో ఒక రైతు మాటలాడిన తీరును, చెరలోనున్న ప్రజలతో దేవుడు మాటలాడిన తీరును లేఖనము ఒకే నానుడితో చెప్పుచున్నది.

లోక జ్ఞానము కూడ ఈ విషయములో కొంత సాక్ష్యమిస్తుంది. అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోట్టో అనే మనోవైద్యుడు, తీవ్రమైన నిరాశతోను చావవలెననే తలంపుతోను ఆస్పత్రిలో చేరి, విడుదలైన పిమ్మట చికిత్స కొనసాగించని 843 మందిని రెండు గుంపులుగా చేశాడు. ఒక గుంపులోనివారికి అయిదు సంవత్సరములలో 24 చిన్న ఉత్తరములు పంపించాడు. మీరు క్షేమముగా ఉన్నారని తలంచుచున్నాము, వ్రాయవలెననిపిస్తే వ్రాయండి అనే భావము తప్ప వాటిలో మరేమియు లేదు. ఏమియు అడగలేదు. 2001లో ప్రచురించిన ఫలితముల ప్రకారము, ఉత్తరములు అందినవారిలో ఆత్మహత్యలు తక్కువగా ఉన్నవి. మొదటి రెండు సంవత్సరములలో ఆ భేదము స్పష్టముగా కనబడినది. 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ ప్రచురించిన పరిశీలనలో, కృతజ్ఞత తెలుపుచు ఉత్తరము వ్రాసినవారు దానివలన ఎదుటివానికి కలుగు సంతోషమును తక్కువగాను, అతనికి కలుగు ఇబ్బందిని ఎక్కువగాను అంచనా వేసినట్టు తేలినది. అనగా మనలను ఆపుచున్నది ప్రేమ లేకపోవుట మాత్రమే కాదు. ఇంత చిన్నదానివలన ఏమి ప్రయోజనము అనే తప్పు లెక్క కూడ మనలను ఆపుచున్నది.

ఈ పరిశీలనలు వేదాంతమును నిరూపించవు. గిన్నెడు చన్నీళ్లను గూర్చి ప్రభువు చెప్పిన మాట (మత్తయి 10:42) నిలుచుటకు వాటి అవసరము లేదు. అయితే చిన్నదానిని తృణీకరించు మన అలవాటును అవి గద్దించుచున్నవి. మరియొక మాట. ప్రాణము తీసికొనవలెననే తలంపు ఉన్నవారిని సంఘకాపరి ప్రార్థనతో మాత్రమే పంపివేయకూడదు. వైద్యుని యొద్దకు తోడుకొనిపోవలెను. తోడుగా వెళ్లుటయే అక్కడ మొదటి ఆదరణ.

6. ఆదరణ కానివి

మూడింటిని ఆదరణ అని పొరబడవచ్చును. మొదటిది ముఖస్తుతి. పౌలు దానిని తాను ఎన్నడును వాడలేదని చెప్పాడు (1 థెస్సలొనీకయులకు 2:5). పొగడ్త పొగడినవానికి లాభము తెస్తుంది. ఆదరణ పొందినవానికి బలము తెస్తుంది. యోనాతాను అరణ్యములో దావీదు యొద్దకు వెళ్లినప్పుడు అతనిని దేవునియందు బలపరచాడు గాని, తనయందు కాదు (1 సమూయేలు 23:16). ఆ బలపరచుట వలన అతనికి పోయినది సింహాసనము.

రెండవది శుష్క వాగ్దానము. ఈ సంవత్సరము నీకు ఉద్యోగము తప్పక వస్తుంది, ఈ రోగము పోతుంది అని దేవుడు చెప్పని దానిని చెప్పుట తాత్కాలికముగా ముఖమును వెలిగిస్తుంది. అది నెరవేరనప్పుడు ఆ విశ్వాసి మన మీద కాదు, దేవుని మీద నమ్మిక కోల్పోతాడు.

మూడవది వివరణ. యోబు స్నేహితులు ఏడు దినములు అతనితో నేలమీద కూర్చుండి మౌనముగా ఉన్నంతసేపు మంచి ఆదరణకర్తలు. నోరు తెరచి కారణములు చెప్పుట మొదలుపెట్టిన తరువాత వారు బాధను పెంచారు. శ్రమలో ఉన్నవాడు కారణము అడిగినప్పుడు సహితము చాలాసార్లు కోరుచున్నది జవాబు కాదు, ప్రక్కన ఒక మనిషి.

7. సంఘములో ఆచరణ

ఆదరణ కూడిక తరువాతి దినములకు పెద్దలు ఒక క్రమము ఏర్పరచవచ్చును. మొదటి నెల వారమునకు ఒకరు, ఆ తరువాత నెలకు ఒకరు ఆ ఇంటికి వెళ్లవలెను. వాక్యము చెప్పవలెననే నియమము అక్కరలేదు. వర్ధంతి దినమున ఒక ఫోను చేయుట మరువకూడదు. మరణించినవారి పేరు ఎత్తితే దుఃఖపడుదురని భయపడవద్దు. వారు ఆ పేరు ఎవరైనా ఎత్తవలెనని ఎదురుచూచుచుందురు.

పేర్లు జ్ఞాపకముంచుకొనవలెను. రోమీయులకు 16వ అధ్యాయములో పౌలు 20 మందికి పైగా పేరుపేరున వందనములు చెప్పి, అనేకుల విషయములో వారు చేసిన మేలును కూడ వ్రాశాడు. పెర్సిసు బహుగా ప్రయాసపడినదని, రూఫు తల్లి తనకును తల్లియేనని వ్రాశాడు. గుడి ఊడ్చే సహోదరికి, చాపలు పరచే యౌవనస్థునికి మనము వందనములు చెప్పునప్పుడు వారి పనిని కూడ పేరు పెట్టి చెప్పుచున్నామా?

వేదాంత కళాశాలలలో ప్రసంగ శాస్త్రమునకు మార్కులున్నవి. గృహ సందర్శనమునకు కూడ అంతే శ్రద్ధ చూపవలెను. విద్యార్థి ఒక ఇంటికి వెళ్లి అరగంట విని, తాను ఏమి చెప్పెనో కాక తాను ఏమి వినెనో వ్రాసికొని వచ్చి ఉపాధ్యాయునితో చర్చించుట మంచి అభ్యాసము. ఆ ఇంటివారి గుట్టు కాపాడుట కూడ అందులో భాగమే.

కడపటిగా, సంఘకాపరికి కూడ ఆదరణ అవసరము. దీనులను ఆదరించు దేవుడు తీతు రాకవలన తనను ఆదరించెనని పౌలు దాచకుండ వ్రాశాడు (2 కొరింథీయులకు 7:6). ఖైదీగా రోమాకు వచ్చుచున్నప్పుడు ఆ పట్టణపు సహోదరులు అప్పీయా సంతపేట వరకును త్రిసత్రముల వరకును ఎదురు వచ్చారు (అపొ. కార్యములు 28:15). అప్పీయా సంతపేట రోమాకు 60 కిలోమీటర్లకు పైగా దూరము. వారు అతని సంకెళ్లు విప్పలేకపోయారు, తీర్పు మార్చలేకపోయారు. ఎదురుకోలుకు మాత్రము వచ్చారు. వారిని చూచి పౌలు దేవునికి కృతజ్ఞతలు చెల్లించి ధైర్యము తెచ్చుకొన్నాడు. రోమా పత్రిక వ్రాసినవానికే ఆ ధైర్యము కావలసివచ్చినప్పుడు, మారుమూల గ్రామములో ఒంటరిగా సేవ చేయుచున్న మన తోటి కాపరికి అక్కరలేదని ఎట్లు అనుకొందుము?

ముగింపు

యోహాను సువార్తలో ప్రభువు పరిశుద్ధాత్మకు ఇచ్చిన పేరు ‘పరక్లేతోస్’, మన బైబిలులో ‘ఆదరణకర్త’. 1 యోహాను 2:1లో అదే మాట క్రీస్తుకు వాడబడి, తెలుగులో ‘ఉత్తరవాది’ అయినది. పైన మన పక్షమున ఒకరున్నారు, లోపల మనతో ఒకరున్నారు. ప్రక్కన ఎవరుండవలెనో ఆ స్థానమును దేవుడు మనకు విడిచిపెట్టాడు. బర్నబా పేరు ఆ స్థానపు పేరే.

ఆ సహోదరి ఇప్పుడు స్త్రీల సమాజములో పాటలు నడిపించుచున్నది. పెద్దమ్మ ప్రభువునొద్దకు వెళ్లినది. ఆమె ఆదరణ కూడికలో నలుగురు సేవకులము మాటలాడాము. నా వంతు వచ్చినప్పుడు హెబ్రీయులకు 10:25 మరల చదివి, ఈసారి ‘హెచ్చరించుట’ అనగా ఏమిటో పెద్దమ్మ మాకు నేర్పినదని చెప్పాను. కూడిక అయిన మరునాటి సాయంత్రము పెద్దమ్మ కోడలి అరుగు మీద ఆ సహోదరి కూర్చుండి ఉండుట చూచాను. ఒడిలో గోంగూర ఉన్నది.